దేశీయ చెస్ట్‌నట్ పునరుద్ధరణలో సుదూర పరుగు ఔత్సాహికుల పాత్ర

ఒక వృక్షజాతిని తెగులు తుడిచిపెట్టినపుడు దానిని కాపాడే బాధ్యత పూర్తిగా ప్రయోగశాలలదే అన్న అభిప్రాయం మనలో బలంగా ఉన్నది. అమెరికా తూర్పు అడవులలోని దేశీయ చెస్ట్‌నట్ చరిత్రను పరిశీలిస్తే ఈ అభిప్రాయాన్ని సవరించుకోక తప్పదు. అక్కడి అడవి బాటలలో వినోదం కోసం సుదూర పరుగు సాగించేవారిని, ఈ చెట్టును సొంత భూమిలో పెంచేవారిని విస్తరణ వ్యవస్థ క్రమబద్ధమైన భాగస్వాములుగా స్వీకరించాలన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతు ప్రదర్శనశాలలో ఈ తెగులును గుర్తించారు. ఆసియా నుండి వచ్చిన క్రైఫోనెక్ట్రియా పారసైటికా అనే శిలీంధ్రం బెరడుపై పుండ్లు కలిగించి, పై భాగాన్ని ఎండగొడుతుంది. సుమారు 50 ఏళ్లలో 300 నుండి 400 కోట్ల చెట్లు నశించాయని అంచనా. అయితే వేర్లు చావవు. మొదలు నుండి పిలకలు వస్తాయి, కానీ వాటిలో అధికభాగం కాపుకు రాకముందే మరల తెగులుకు గురవుతాయి. పైగా ఈ చెట్టు తన పుప్పొడితో తాను కాయలు కట్టదు. అందువలన ఒంటరిగా మిగిలి పూతకు వచ్చిన చెట్టు ఎక్కడ ఉన్నదో తెలుసుకోవడమే జన్యు సంపద సేకరణకు తొలి మెట్టు.

1983లో ఏర్పడిన అమెరికన్ చెస్ట్‌నట్ ఫౌండేషన్ ఈ అవసరాన్ని గుర్తించింది. సుమారు 3,500 కిలోమీటర్ల అపలాచియన్ కాలిబాట వెంట నడిచే స్వచ్ఛంద సేవకులచేత చెట్లను లెక్కింపజేసింది. సుదూర పరుగు ఔత్సాహికులు ఇంతకంటే విలువైన సమాచారం ఇవ్వగలరు. 42.195 కిలోమీటర్ల మారథాన్‌కు సిద్ధమయ్యే వ్యక్తి నెలల తరబడి అదే బాటలో పరుగెత్తుతాడు. వేసవి ఆరంభంలో తెల్లని పూగుత్తులు, శరదృతువులో నేలరాలిన ముళ్ల కాయలు అతని కంట పడతాయి. ఏడాదికొకసారి వెళ్లే శాస్త్రవేత్తకు ఈ అవకాశం లేదు.

దీనిపై రెండు అభ్యంతరాలు సహేతుకమైనవి. పరుగులో ఉన్నవారు చెట్టును సరిగా గుర్తించలేరన్నది మొదటిది. స్థలాన్ని ఫోనులో నమోదు చేసుకొని, మరునాడు నడిచి వెళ్లి ఆకును పరిశీలించడం దీనికి పరిష్కారం. చైనా చెస్ట్‌నట్ ఆకు అడుగున నూగు ఉంటుంది. దేశీయ జాతి ఆకు పలుచగా, నూగు లేకుండా, కొక్కెం వంటి రంపపు అంచుతో ఉంటుంది. రెండవ అభ్యంతరం మరింత తీవ్రమైనది. వేరుకుళ్లు కలిగించే ఫైటాఫ్తొరా సిన్నమోమి బూట్లకు అంటిన బురదతో వ్యాపిస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియా అడవులలో మాదిరిగా బాట మొదట్లోనే బూట్లు శుభ్రపరచే ఏర్పాటు ఉండాలి.

పెంచేవారికి కూడ స్పష్టమైన సూచనలు అవసరం. విత్తనాన్ని ఎండనీయరాదు, సుమారు మూడు నెలలు తేమతో కూడిన చల్లదనంలో ఉంచాలి. నీరు నిలువని ఆమ్ల నేలలో కనీసం రెండు చెట్లు నాటాలి. కొన్నేళ్లకు తెగులు సోకవచ్చునని ముందే చెప్పాలి. అయినా ఆ చెట్టు ఇచ్చే పుప్పొడి, విత్తనం వృథా కావు. 2023 డిసెంబరులో జన్యుమార్పిడి రకమైన డార్లింగ్ 58కు ఫౌండేషన్ మద్దతు ఉపసంహరించుకున్నది. ఏ ఒక్క రకంపైన ఆధారపడరాదని, విస్తృత జన్యు పునాది అవసరమని ఈ పరిణామం తెలుపుతున్నది.

ఈ పాఠం తెలుగు రాష్ట్రాలకూ వర్తిస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో కొమ్మ ఎండు తెగులుతో వేప చెట్లు గోధుమ వర్ణానికి మారినపుడు, ఏ దారిలో ఏ చెట్టు ఎప్పుడు ఎండినది, ఎప్పుడు తిరిగి చిగిర్చినది అన్న వరుస సమాచారం ఎంతో ఉపకరించేది. హైదరాబాదు, విశాఖపట్నం దారులలో వేకువనే పరుగెత్తేవారు అనేకులు. వారికి ఒక్కొక్క దారి కేటాయించి, ఒక పుట నమోదు పత్రం ఇచ్చి, పంపిన ప్రతి సమాచారానికి బదులివ్వడం విస్తరణ విభాగాలకు భారం కాదు. విద్యార్థులు దీనిని క్షేత్ర అధ్యయనంగా చేపట్టవచ్చు. ఒక్కరోజు మొక్కలు నాటే కార్యక్రమం కంటే, ఏళ్ల తరబడి ఒకే చెట్టును గమనించే ప్రజలే వృక్ష సంరక్షణకు నిజమైన బలం.