కొత్తదంతా వింత కాదు, పాతదంతా రోత కాదు



"కొత్త ఒక వింత, పాత ఒక రోత" అని మన పెద్దలు అంటారు. ఒకే ఇంజను ఉండే చిన్న విమానాలు నడిపే పైలట్లను అడిగితే మాత్రం సగం మంది ఈ సామెతను తిరగేసి చెబుతారు. పాత విమానమే విమానమనీ, కొత్తవన్నీ ఆడంబరమనీ వారి వాదన. మిగతా సగం మంది కొత్తదానిలో కూర్చున్నాక పాతదాని ముఖం చూడబుద్ధి కాదంటారు. ఈ వాదనలో ఇరువైపులా కొంత నిజం ఉంది. అయితే అసలు విషయం ఇరువైపులా మరుగున పడుతోందని నా అభిప్రాయం.

ఉదాహరణకు సెస్నా 172 విమానాన్నే తీసుకుందాం. దీనికి రెక్కలు పైన ఉంటాయి, సీట్లు నాలుగు. అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో పుట్టిన ఈ విమానం 1955లో మొదటిసారి ఎగిరింది. ఇప్పటికి 44,000కు పైగా తయారయ్యాయి. ప్రపంచంలో ఇంత ఎక్కువ సంఖ్యలో తయారైన విమానం మరొకటి లేదు. ప్రమాదాల మీద కోర్టు దావాలు పెరిగి, బీమా భారం మోయలేక 1986లో కంపెనీ దీని తయారీని ఆపేసింది. 18 ఏళ్ళు దాటిన చిన్న విమానాల విషయంలో తయారీదారు మీద దావాలకు హద్దు పెడుతూ 1994లో అమెరికాలో చట్టం వచ్చింది. ఆ తరువాత 1996లో కొత్త రూపంలో తయారీ మళ్ళీ మొదలైంది. పాత, కొత్త అనే తగవు ముదిరింది అక్కడి నుంచే.

మొదటి తేడా ఇంజనులో ఉంది. పాతవాటిలో కార్బురేటర్ ఉండేది. అందులో పెట్రోలు గాలిలో కలిసి ఆవిరయ్యేటప్పుడు బాగా చల్లబడుతుంది. గాలిలో తేమ ఉంటే అక్కడ మంచు పేరుకుని ఇంజనుకు ఊపిరి ఆడదు. ఎండాకాలంలో కూడా ఇలా జరగవచ్చు. అందుకని పైలట్ ఒక నాబ్ లాగి వేడి గాలి పంపాలి. మరచిపోతే ఇంజను ఆగిపోయే ప్రమాదం ఉంది. కొత్తవాటిలో మన ఎఫ్.ఐ. మోటారు సైకిళ్ళలో లాగానే ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. కార్బురేటర్ మంచు బెడద పోయింది. ఇది మంచి మార్పు. కానీ వేడెక్కిన ఇంజనును ఆపి వెంటనే మళ్ళీ స్టార్ట్ చేయాలంటే పైపుల్లో పెట్రోలు ఆవిరై మొరాయిస్తుంది. పాత పైలట్లు దీన్ని పట్టుకుని ఎగతాళి చేస్తారు. ఒక చిక్కు పోయి మరొకటి వచ్చినా, ఆకాశంలో వచ్చే చిక్కు కన్నా నేల మీద వచ్చేదే మేలు కదా!

రెండవ తేడా బరువు. మొదటి 172కు 145 హార్స్ పవర్ ఇంజను ఉండేది. 172ఎస్ అనే నేటి రకానికి 180 ఉంది. శక్తి పెరిగింది గానీ మంచి సీట్లు, పరికరాలు చేరి ఖాళీ విమానం బరువు కూడా పెరిగింది. పేరుకు నాలుగు సీట్లున్నా, ట్యాంకుల నిండా పెట్రోలు పోస్తే నలుగురు పెద్దవాళ్ళు సామానుతో సహా ఎక్కడానికి బరువు సరిపోదు. ఇక ధర 4 లక్షల డాలర్లకు పైమాటే. సొంత డబ్బుతో నేర్చుకునే మామూలు మనిషికి ముప్ఫై, నలభై ఏళ్ళ నాటి పాత విమానమే దిక్కు. పాతదాన్ని మెచ్చుకునే వారందరూ అభిమానంతోనే మెచ్చుకోవడం లేదు, కొందరికి అంతకంటే స్తోమత లేదు.

అసలు తగవంతా మూడవ తేడా మీద. పాత విమానంలో పైలట్ ముందు గడియారాల్లాంటి ఆరు డయల్స్ ఉంటాయి. వేగం, ఎత్తు, దిక్కు, విమానం వాలు వగైరా ఒక్కొక్కదానికి ఒక్కో ముల్లు. పైలట్ ఆరింటినీ చూసి, తన బుర్రలో కలుపుకుని, విమానం ఎలా ఉందో ఊహించుకోవాలి. 2005 నాటికి 172లో గార్మిన్ జి1000 అనే పరికరం వచ్చింది. రెండు పెద్ద తెరల మీద అన్నీ రంగుల్లో కనిపిస్తాయి. మ్యాపు మీద మన విమానం ఎక్కడుందో కూడా కనిపిస్తుంది. కొత్తవాళ్ళు దీన్ని వరం అన్నారు. పాతవాళ్ళు "ఇక కిటికీలోంచి బయటికి చూసేవాడెవడు?" అన్నారు.

ఎవరి మాట నిజం? అమెరికాలో ప్రమాదాలను విచారించే ఎన్.టి.ఎస్.బి. అనే సంస్థ 2002-2006 మధ్య తయారైన 8,000కు పైగా చిన్న విమానాలను పరిశీలించి 2010లో నివేదిక ఇచ్చింది. తెరలున్న విమానాలకు మొత్తం ప్రమాదాల రేటు తక్కువగా ఉంది. కానీ ప్రాణాలు పోయిన ప్రమాదాల రేటు ఎక్కువగా ఉంది. 2006, 2007 సంవత్సరాల లెక్క ప్రకారం లక్ష గంటల ప్రయాణానికి డయల్స్ ఉన్నవాటిలో 0.43, తెరలున్నవాటిలో 1.03 ప్రాణాంతక ప్రమాదాలు జరిగాయి. పైగా తెరల విమానాలు నడిపినవారు అనుభవం తక్కువ వాళ్ళేమీ కాదు, ఎక్కువ గంటలు ఎగిరినవారే. అయితే ఆ విమానాలు దూర ప్రయాణాలకు, పరికరాల ఆధారంగా ఎగరవలసిన పరిస్థితుల్లో ఎక్కువగా వెళ్ళేవి. కాబట్టి తప్పంతా తెరలదే అనలేం. ఆ సంస్థ కూడా తెరలు తీసేయమని చెప్పలేదు. వాటి మీద ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వాలని, పరీక్షల్లో వాటి గురించి ప్రశ్నలు అడగాలని చెప్పింది.

సిరస్ విమానాల కథ కూడా ఇదే చెబుతుంది. 1998లో ఆమోదం పొందిన సిరస్ ఎస్ఆర్20లో, విమానం మొత్తాన్ని నేలకు దించే పారాచూట్ ఉంది. అంత గొప్ప వసతి ఉన్నా, మొదటి సంవత్సరాల్లో పైలట్లు దాన్ని సమయానికి లాగక ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఎప్పుడు లాగాలో గట్టిగా నేర్పడం మొదలుపెట్టాక, 2010 తరువాతి సంవత్సరాల్లో మరణాలు బాగా తగ్గాయి. పారాచూట్ మొదటి నుంచీ ఉన్నదే. మారినది శిక్షణ.

అందుచేత నేను చెప్పేదేమంటే, కొత్త యంత్రం వచ్చినప్పుడు దానితోపాటు కొత్త శిక్షణ కూడా రావాలి. రాకపోతే కొత్తది ప్రమాదం. పాత యంత్రం మీద నేర్చినంత మాత్రాన ఎవడూ తక్కువవాడు కాడు. డయల్స్ మీద నేర్చినవాడు తెరల విమానం ఎక్కే ముందు మళ్ళీ విద్యార్థిగా కూర్చోవాలి. తెరల మీద నేర్చినవాడు అవి ఆరిపోతే ఏం చేయాలో కూడా నేర్చుకోవాలి. క్యాలిక్యులేటర్ ఉన్నా ఎక్కాలు రావాలి గదా!

విమానాల సంగతి హాస్టల్ పిల్లలకు ఎందుకని కొందరు అనవచ్చు. హైదరాబాదు బేగంపేటలోని ఏవియేషన్ అకాడమీలో సెస్నా విమానాల మీదనే శిక్షణ ఇస్తూ వచ్చారు. ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వర్తించే కోర్సుల్లో కమర్షియల్ పైలట్ లైసెన్సు కూడా ఉంది. కనుక ఇది మనకు అందని ద్రాక్ష కాదు. పైలట్ కాకపోయినా ఈ మాట మనకు వర్తిస్తుంది. సీనియర్లు వదిలిపోయిన పుస్తకాలు, పాత కంప్యూటర్లు మన హాస్టళ్ళకు కొత్త కాదు. వాటి మీద చదివామని సిగ్గుపడనక్కరలేదు. అలాగని కొత్తదాని ముందు కూర్చోబెట్టినప్పుడు "నాకు అంతా వచ్చు" అని బింకాలకు పోనూ కూడదు. "ఇది నాకు నేర్పండి" అని ధైర్యంగా అడగాలి. అడిగినవారికి నేర్పే బాధ్యత ఆ యంత్రాన్ని తెచ్చి పెట్టినవారిది.