ఎముకలో ఉన్నదే అంటే చాలదు

నిర్మల్‌లో చదువుకున్న యువ తల్లిదండ్రుల నోట ఈమధ్య ఒక వాదన తరచుగా వినిపిస్తోంది. పిల్లల టీకాల్లో అల్యూమినియం ఉందట, అది మెదడుకు విషమట. దాని బదులు కాల్షియం ఫాస్ఫేట్ కలపొచ్చట, అది మన ఎముకల్లో ఉన్నదేనట. ఫ్రాన్స్‌లో వాడిన దాన్ని కంపెనీలు తొక్కిపెట్టాయట. ఇంతా చెప్పి చివర ‘అది వచ్చేదాకా ఆగుదాం’ అంటారు. నన్ను భయపెడుతున్నది ఆ ఆగడమే.

ఇందులో నిజమైన భాగాన్ని ముందు ఒప్పుకుంటాను. టీకా మందుకు తోడుగా కలిపి, శరీరం గట్టిగా స్పందించేలా చేసే పదార్థాన్ని అడ్జువెంట్ అంటారు. 1926లో ఇంగ్లండులో అలెగ్జాండర్ గ్లెన్నీ కంఠసర్పి టీకాకు పటిక అనే అల్యూమినియం లవణాన్ని జోడించి ఫలితం చూశాడు. అప్పటినుంచి అల్యూమినియం లవణాలదే రాజ్యం. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఎడ్గార్ రెలీవెల్డ్ కాల్షియం ఫాస్ఫేట్ జెల్‌ను అభివృద్ధి చేశాడు. ఫ్రాన్స్‌లో పిల్లలకు ఆ జెల్ కలిపిన టీకాలు ఏళ్ళ తరబడి వేశారు, అవి పనిచేశాయి కూడా. 1980ల్లో పాశ్చర్ టీకాల తయారీ మెరియు కంపెనీతో కలిసిపోయాక అల్యూమినియం దాని చోటు తీసుకుంది. ఇందులో వ్యాపార లెక్క ఉందనే వాళ్ళను నేను కాదనను. కానీ ఒకటి వ్యాపారం వల్ల పోయిందంటే, దాని చోట వచ్చింది విషమని రుజువైనట్టు కాదు.

‘ఎముకలో ఉన్నదే’ అనే మాట అసలు నిలవదు. ఎముకలో ఉండే అదే కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు భుజం కండరాన్ని ఎముకకు కట్టే పట్టీలో పేరుకుంటే మనిషి చెయ్యి ఎత్తలేడు, రాత్రి నిద్రపోలేడు. పదార్థం ఎక్కడిదన్నది కాదు, ఎక్కడ చేరింది, ఎంత చేరింది అన్నదే లెక్క. అడ్జువెంట్ పనే శరీరాన్ని కదిలించడం. రోగనిరోధక కణాల్లో ఎన్ఎల్ఆర్‌పీ3 అనే హెచ్చరిక యంత్రాంగాన్ని అల్యూమినియం లవణాలు తట్టి లేపుతాయని 2008లో తేలింది. కాల్షియం ఫాస్ఫేట్ స్ఫటికాలు కూడా దాన్నే లేపుతాయని తర్వాత మూడేళ్ళకు తేలింది. యూరప్ ఔషధ ప్రమాణాలు ఒక్కో మోతాదులో అల్యూమినియానికి 1.25 మిల్లీగ్రాములు, కాల్షియానికి 1.3 మిల్లీగ్రాములు హద్దుగా పెట్టాయి. రెంటికీ హద్దు ఉంది. పూర్తిగా అమాయకమైన పదార్థానికి ఆ హద్దు ఎందుకు?

మన డాక్టర్లు ఇచ్చే జవాబు కూడా నాకు తృప్తినివ్వదు. ‘తల్లిపాలలోనూ అల్యూమినియం ఉంటుంది’ అంటారు. ఉంటుంది, కానీ పేగులు అందులో ఒక శాతం కూడా పీల్చుకోవు. సూదితో వెళ్ళింది మెల్లగానైనా మొత్తం ఒంట్లోకి చేరుతుంది. సగం నిజంతో జవాబు చెబితే, ఆ తేడా తెలిసిన తల్లి ఇంకెప్పుడూ మనల్ని నమ్మదు. ఆమెకు చెప్పాల్సిన గట్టి జవాబు వేరే ఉంది. డెన్మార్క్‌లో 12 లక్షలకు పైగా పిల్లల రికార్డులు పరిశీలించి, ఆటిజం, ఆస్తమా, అలర్జీలతో సహా 50 జబ్బులకూ టీకాల్లోని అల్యూమినియం మోతాదుకూ సంబంధం ఉందేమో చూశారు. జబ్బులు పెరిగిన జాడ కనిపించలేదు. 2025లో వచ్చిన ఫలితం ఇది.

అల్యూమినియం టీకాకు నిజమైన బలహీనత ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. అది గడ్డకడితే పాడవుతుంది. కంఠసర్పి టీకా కూడా కలిసి ఉండే పెంటావాలెంట్ సీసాను ఊపితే లోపలి మందు పాలలా తెల్లగా కలుస్తుంది. ఒకసారి గడ్డకట్టి కరిగినదైతే పలుకులు తేలి, త్వరగా అడుగుకు దిగుతుంది. అందుకే టీకాలు వేసే ఏఎన్ఎం ఐస్ ప్యాక్‌ను ఫ్రీజర్‌లోంచి తీసి నేరుగా టీకాల పెట్టెలో సర్దదు. చెవి దగ్గర పెట్టి ఊపి, లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వచ్చాకే సర్దుతుంది. కడెం, పెంబి మండలాల గూడేలకు ఆ పెట్టె మోసుకెళ్ళే ఆమెను ‘ఐస్ సరిగా సర్దావా అక్కా?’ అని అడగండి. అల్యూమినియం ఎందుకుందని నిలదీయడం కంటే బిడ్డకు అది వెయ్యి రెట్లు మేలు.

కాల్షియం ఫాస్ఫేట్‌కు అసలు చోటు అలర్జీ చికిత్సలో ఉంది. రోడ్ల పక్కన వయ్యారిభామ పూస్తే తుమ్ములతో, కారే ముక్కుతో అల్లాడే వాళ్ళు ఇక్కడ తక్కువేం కాదు. సరిపడని పుప్పొడినే కొద్దికొద్దిగా ఎక్కించి ఒంటికి అలవాటు చేసే పద్ధతిని 1911లో లెనర్డ్ నూన్ మొదలుపెట్టాడు. ఆ చికిత్స మూడు నుంచి ఐదేళ్ళు సాగుతుంది. నెలకో సూది అనుకున్నా మూడేళ్ళకు 36. యూరప్‌లో చాలా అలర్జీ సూదుల్లో అల్యూమినియమే ఉంటుంది. పసిబిడ్డకు పడే కొద్ది సూదులకు వర్తించే లెక్క వీటికి వర్తించదు. ఫ్రాన్స్‌లో స్టాలర్జీన్ కంపెనీ ఫోస్టల్ పేరుతో కాల్షియం ఫాస్ఫేట్ అలర్జీ మందు తెచ్చింది, కాబట్టి ఇది గాలిమాట కాదు. కోవిడ్ టీకా కోవాక్సిన్ కోసం అల్యూమినియం జెల్‌కు కొత్త అణువును జోడించిన భారత్ బయోటెక్, మరో కోవిడ్ టీకా కార్బెవ్యాక్స్ చేసిన బయలాజికల్ ఇ మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. ఇలాంటి సంస్థలు కాల్షియం ఫాస్ఫేట్ అలర్జీ మందుకు మన పుప్పొడులతో, మన మనుషుల మీద పద్ధతిగా పరీక్షలు జరిపి ఫలితాలు బయటపెట్టాలి. పోరాడాలంటే దీనికోసం పోరాడండి.

పసిబిడ్డను మాత్రం ఆ పోరాటంలోకి లాగకండి. మన జాతీయ టీకాల కార్యక్రమంలో కాల్షియం ఫాస్ఫేట్ టీకా ఒక్కటీ లేదు, ఆగితే వచ్చేదేమీ లేదు. కంఠసర్పి పోయిందనుకునే వాళ్ళు 2003–2006 మధ్య హైదరాబాద్‌లో అది ఎలా పాతుకుపోయి ఉందో గుర్తు చేసుకోవాలి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్ పడాలి. బుధవారం, శనివారం టీకాల రోజులు. బిడ్డను తీసుకెళ్ళండి.