ఫీల్డ్ అసిస్టెంట్లకు గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆ తొలి రోజుల్లో నలభై దాటి ఫీల్డ్ అసిస్టెంట్లుగా చేరినవారు 2024 నాటికి అరవైకి చేరారు. పద్దెనిమిదేళ్లు ఊరి పనంతా చూసిన మనిషి ఇంటికి పోయే రోజున చేతికి ఏమొస్తుంది? మండలాఫీసులో ఒక శాలువా కప్పితే అదే గొప్ప.

నాట్ల కాలంలో కూలీలను లాక్కుపోయేవాళ్ల కోసం రైతు సంఘం ఎందుకు మాట్లాడాలని మన సభ్యుల్లోనే కొందరు అడుగుతున్నారు. ఆ కోపం మాకు తెలుసు. సాగు పనుల రోజుల్లో ఉపాధి పనులు ఎలా నడపాలన్నది తేల్చుకోవలసిన ప్రశ్నే. కానీ అది తేల్చేది ఫీల్డ్ అసిస్టెంటు కాదు. మన చేలో తవ్విన నీటికుంట, చెరువులో తీసిన పూడిక, పొలం బాట, సన్నకారు రైతుకు వేసిన పండ్లతోట వెనుక తిరిగింది మాత్రం వాళ్లే. ఎండాకాలంలో తెల్లారేసరికి పని దగ్గర ఉండాలి. 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటోలు ఎక్కించాలి. సిగ్నల్ లేక ఎక్కకపోతే కూలి పోయేది కూలీకి, తిట్లు పడేది వీళ్లకు. సామాజిక తనిఖీలో తేడా వస్తే రికవరీ కూడా వీళ్ల నెత్తినే. (దొంగ మస్టర్లు రాసినవారిని మేము వెనకేసుకు రావడం లేదు.)

తెలంగాణలో జరిగింది అందరికీ గుర్తే. పనిదినాల లెక్కతో కొనసాగింపును ముడిపెట్టిన 4779 సర్క్యులరును రద్దు చేయాలని 2020 మార్చిలో సమ్మె చేస్తే, ఏడున్నర వేల మందిని ఇంటికి పంపారు. 2022 ఆగస్టులో గానీ తిరిగి తీసుకోలేదు. మధ్యలో కరోనా. ఆ రెండున్నరేళ్లు చాలామంది కూలికి పోయి బతికారు.

వీళ్లు ఉద్యోగులు కారు, ఇచ్చేది గౌరవ వేతనమే అన్నది ప్రభుత్వాల పాత పాట. అంగన్‌వాడీ కార్యకర్తల విషయంలోనూ అదే పాడారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ వాదన చెల్లదంది. గౌరవ వేతనం కూడా వేతనమేనని, కార్యకర్తలకూ ఆయాలకూ 1972 గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు ఫీల్డ్ అసిస్టెంట్ల గురించి చెప్పింది కాదు, నిజమే. కానీ పేరు మార్చి హక్కు ఎగ్గొట్టే తీరు రెండు చోట్లా ఒకటే.

లెక్క చూద్దాం. 1972 చట్టం ప్రకారం అయిదేళ్లు నిండితే, ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున గ్రాట్యుటీ ఉండేది. నెల వేతనాన్ని 26 రోజులతో భాగించి కట్టాలి. నెలకు పది వేలు అనుకుంటే పద్దెనిమిదేళ్లకు లక్షా మూడు వేల పైచిలుకు. ప్రభుత్వం దివాలా తీసే మొత్తం కాదిది. కూతురి పెళ్లి అప్పో, మోకాలి ఆపరేషనో తీరే మొత్తం.

చిక్కు ఎక్కడుందంటే ఆ రెండున్నరేళ్ల విరామంలో. 2022 నుంచే కొత్త సర్వీసు అంటే వెనకటి పద్నాలుగేళ్లు గాలికి పోతాయి. సమ్మె వల్ల, ఉద్యోగి తప్పు లేకుండా పని నిలిచిపోవడం వల్ల వచ్చిన విరామాన్ని నిరంతర సర్వీసుగానే చూడాలని అదే చట్టం రెండో ‘ఏ’ సెక్షను చెప్పింది. అందుకే 2006 నుంచి సర్వీసు లెక్కించాలన్నది మా మొదటి డిమాండు. ఈ ఖర్చును ఉపాధి పథకంలో పరిపాలనా నిధిలోంచి కాక రాష్ట్ర బడ్జెట్ నుంచి ఇవ్వాలన్నది రెండోది. ఆ నిధిలోంచే తీస్తే ఉన్నవాళ్ల జీతాలకే కోత పడుతుంది.

అరవైకి దగ్గరపడిన ఫీల్డ్ అసిస్టెంట్ల జాబితాను మన మండల కమిటీలు తయారు చేయాలి. నియామకపు ఉత్తర్వు, బ్యాంకు పాసుబుక్కు, పాత మస్టర్ల నకళ్లు ఇప్పుడే దగ్గర పెట్టుకోమని వారికి చెప్పండి. పని మానిన 30 రోజుల్లో రాతపూర్వకంగా గ్రాట్యుటీ అడగాలి, రసీదు తీసుకోవాలి. ఇవ్వమంటే కార్మిక శాఖ ముందు ఫిర్యాదు వేయించే పని మన సంఘం చూసుకుంటుంది.