మెరుపు వెనక మైక్రాన్ల లెక్క

ఆదివారం ఉదయం. హైదరాబాద్ మియాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్. ఎనిమిదేళ్ల నాటి నల్ల కారు బానెట్ మీద రెండడుగుల చదరంగా నీలం టేపు అంటించి ఉంది. దాని ముందు, చేతిలో రెండు కిలోలకు పైగా బరువున్న మెషీన్ పట్టుకుని, పరీక్ష హాల్లోకి అడుగుపెట్టే కుర్రాడిలా నిలబడ్డారు ఒక జూనియర్ కాలేజీ లెక్కల మాస్టారు. పక్కన టార్చి లైటుతో ఆయన బావమరిది. "ఇంకా చూస్తారేంటి బావా, స్విచ్ నొక్కండి" అన్నాడతను. మాస్టారు మాత్రం మరోసారి వైరు సరిచూసుకుని, అది పెయింట్‌కు రాసుకోకుండా భుజం మీదుగా వేసుకున్నారు. మూడు వారాలుగా ఆయన వాయిదా వేస్తున్న పని ఇది.

కథ మొదలైంది ఒక పెట్రోల్ బంకులో. ఎండ నేరుగా బానెట్ మీద పడుతుండగా కారు నల్లగా కాక బూడిద రంగులో కనిపించింది. దగ్గరికి వెళ్లి చూస్తే సూర్యుడి ప్రతిబింబం చుట్టూ సాలెగూడు అల్లినట్టు వేలకొద్దీ సన్నని గీతలు. నల్ల కారు కొన్న ప్రతి ఒక్కరికీ ఏదో ఒక రోజు ఈ జ్ఞానోదయం తప్పదు. తెల్ల కార్ల మీదా ఇవే గీతలుంటాయి, కాకపోతే కనిపించవు. దేశంలో తెల్ల కార్లకు ఉన్న గిరాకీకి ఎండ వేడి ఒక్కటే కారణం కాకపోవచ్చు.

నిజానికి ఆ గీతలు వలయాల్లా ఉండవు. అన్ని దిక్కులకూ అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే తళుక్కుమంటాయి కాబట్టి కంటికి దీపం చుట్టూ చుట్టలు చుట్టినట్టు కనిపిస్తాయి. టార్చి పక్కకు జరిపితే వలయం కూడా దాని వెంటే జరుగుతుంది. మాస్టారు ఈ సంగతిని పిల్లలకు పాఠం చెప్పినట్టే బావమరిదికి వివరించారు. అతను ఆసక్తిగా విన్నాడని చెప్పలేం.

కారు మీద ఉన్న రంగు మనం గోడకు వేసే రంగులాంటిది కాదు. ఉక్కు రేకుకు మొదట ఫాస్ఫేట్ పూత, తర్వాత తొట్టిలో ముంచి విద్యుత్తు సాయంతో పట్టించే తుప్పు నిరోధక పూత, ఆ పైన ప్రైమర్, దానిపై రంగునిచ్చే బేస్ కోట్, అన్నిటికీ మీద పారదర్శకమైన క్లియర్ కోట్. ఇన్ని పొరలూ కలిపినా కొత్త కారు మీద మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇందులో మెరుపునిచ్చే క్లియర్ కోట్ వాటా ఇంచుమించు 35 నుంచి 50 మైక్రాన్లు. మనిషి తల వెంట్రుక సాధారణంగా ఇంతకంటే మందంగా ఉంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే రసాయనాలు కూడా ఆ పొరలోనే ఉంటాయి. అది పల్చబడితే కింది రంగుకు గొడుగు పోయినట్టే. పాత కార్ల టాపుల మీద, బానెట్ల మీద పొలుసులు లేచినట్టు తెల్లగా కనిపించేది ఈ పొర చచ్చిపోయిన గుర్తే.

పాలిష్ అంటే ఏదో కొత్త పదార్థం పూసి మెరుపు తెప్పించడమని చాలామంది నమ్మకం. జరిగేది సరిగ్గా దానికి వ్యతిరేకం. పాలిష్‌లో ఉన్న సన్నని రాపిడి రేణువులు గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను గీత అడుగు దాకా అరగదీస్తాయి. చుట్టూ నేల పల్లమైపోతే గుంట కనిపించదు కదా, అలాగన్నమాట. అంటే మెరుపు ఊరికే రాదు, ఉన్న పొరలోంచి కోసి తెచ్చుకోవాలి. ఆ పొరను మళ్లీ నింపే మార్గం, తిరిగి పెయింట్ వేయించడం తప్ప, లేదు.

వర్క్‌షాపుల్లో దీన్ని ఇప్పటికీ 'రబ్బింగ్' అనే పిలుస్తారు. ఆ మాట వెనక వందేళ్ల చరిత్ర ఉంది. అమెరికాలో జనరల్ మోటార్స్ 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లకు డూపాంట్ తయారుచేసిన 'డ్యూకో' లాకర్ వేయడం మొదలుపెట్టింది. వారాల తరబడి ఆరబెట్టాల్సిన పాత రంగుల స్థానంలో గంటల్లో ఆరే రంగు రావడం కార్ల పరిశ్రమను మార్చేసింది. అయితే ఆ లాకర్ ఆరాక మందంగా, కాంతి లేకుండా ఉండేది. రుద్దితేనే మెరిసేది. రబ్బింగ్ కాంపౌండ్ అవసరం అక్కడ పుట్టింది. మన దేశంలో అంబాసిడర్లు, పద్మినీలు తిరిగిన కాలంలో కూడా రంగు, మెరుపు వేర్వేరు పొరలు కావు. రుద్దితే గుడ్డకు రంగు అంటుకునేది. దాన్ని చూసే మేస్త్రీ ఎంత తీశాడో అంచనా వేసుకునేవాడు. క్లియర్ కోట్ వచ్చాక ఆ హెచ్చరిక పోయింది. పారదర్శక పొర అరిగేటప్పుడు ప్యాడ్‌కు ఏ రంగూ అంటదు. గుడ్డకు కారు రంగు కనిపించే సమయానికి పని పూర్తిగా చెడిపోయి ఉంటుంది. పెయింట్ మారింది, చాలా షెడ్లలో చెయ్యి మాత్రం మారలేదు.

మాస్టారు ముందు వెళ్లింది అలాంటి ఒక టింకరింగ్ షెడ్డుకే. మేస్త్రీ కారు చుట్టూ ఒకసారి తిరిగి, "అద్దంలా చేసిస్తాను సార్, రెండు గంటల పని" అన్నాడు. అప్పటికే అక్కడ ఒక కారు బానెట్ మీద ఊలు ప్యాడ్ బిగించిన రోటరీ మెషీన్ గిర్రున తిరుగుతోంది. ఎన్ని మైక్రాన్లు పోతాయని మాస్టారు అడిగితే, "అవన్నీ మనకెందుకు సార్, మెరవాలి గానీ" అని నవ్వాడు. ఆ నవ్వే మాస్టారి చేత మెషీన్ కొనిపించింది.

మెషీన్లలో ప్రధానంగా రెండు జాతులు. రోటరీ ఒకే ఇరుసు మీద బొంగరంలా తిరుగుతుంది. కోత ఎక్కువ, వేడీ ఎక్కువ. అనుభవం ఉన్న చేతిలో దానికి సాటి లేదు. అనుభవం లేని చేతిలో ఒకేచోట రెండు క్షణాలు ఎక్కువ నిలిస్తే, ముఖ్యంగా పెయింట్ పల్చగా ఉండే అంచుల మీద, కింది పొర బయటపడుతుంది. ప్లాస్టిక్ బంపర్లలో వేడి త్వరగా చెదరదు కాబట్టి అక్కడ ముప్పు మరీ ఎక్కువ. పని బాగానే జరిగినట్టు కనిపించినా, ఎండలోకి తీసుకెళ్తే ప్యాడ్ తిరిగిన జాడలు నీడల్లా కదులుతూ కనిపిస్తాయి. వీటికి హోలోగ్రామ్‌లని పేరు. రెండో జాతి డ్యూయల్ యాక్షన్. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ సూర్యుడి చుట్టూ తిరిగినట్టు దీని ప్యాడ్ తిరుగుతూనే చిన్న కక్ష్యలో ఊగుతుంది. ఇందులో ప్రచారంలో ఉన్న రకంలో గట్టిగా నొక్కితే తిరుగుడు ఆగిపోయి ఊగడం మాత్రమే మిగులుతుంది. పని నెమ్మదిస్తుంది కానీ పెయింట్ బతుకుతుంది. తొలిసారి పట్టేవారికి ఇదే నయమని చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. అధికారం ఎవరి చేతిలో పెడుతున్నామో తెలియనప్పుడు అదుపు లోపలే ఉండటం మంచిదన్నది రాజ్యాంగాలు రాసినవారికీ తెలుసు.

మెషీన్ ఆన్ చేయడానికి ముందు పని చాలానే ఉంది. మాస్టారు కారును రెండు బకెట్లతో కడిగారు. ఒకటి షాంపూ నీళ్లకు, రెండోది మట్టి పట్టిన గ్లవ్‌ను జాడించడానికి. తర్వాత చేతికి పల్చటి పాలిథీన్ కవర్ తొడిగి తడి బానెట్ మీద వేళ్లు పోనిచ్చారు. ఉత్త చేతికి నున్నగా తోచిన చోటే కవర్ మీదుగా ఇసుక చల్లినట్టు గరగరలాడింది. బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను, తారు చుక్కలు, చెట్ల జిగురు. వీటిని తీయడానికి బంకమట్టిలాంటి 'క్లే బార్' ఉంటుంది. సబ్బు నీళ్లు చల్లుతూ దాంతో మెల్లగా రాయాలి. ఈ అంచె దాటవేస్తే, ఊడొచ్చిన రజను ప్యాడ్ కింద చేరి కొత్త గీతలు పెడుతుంది.

తర్వాత మందం కొలిచే మీటరు. పాత కార్ల వ్యాపారంలో ఉన్న స్నేహితుడి దగ్గర అరువు తెచ్చారు. బానెట్ మీద 112, 108, 115. టాపు మీద 104. ఎడమ వైపు ముందు తలుపు దగ్గర పెట్టగానే 310. మాస్టారు మళ్లీ పెట్టారు. 305. ఐదేళ్ల కిందట ఈ కారు అమ్మినాయన "ఒక్క గీత కూడా పడలేదండీ" అని గట్టిగా చెప్పిన విషయం అప్పుడు గుర్తుకొచ్చింది. తలుపు ఎప్పుడో మళ్లీ పెయింట్ పడ్డదన్నమాట. అయితే ఈ మీటరుకు ఒక పరిమితి ఉంది. అది చెప్పేది మొత్తం పొరల మందమే. అందులో క్లియర్ కోట్ ఎంత మిగిలిందో చెప్పదు. ఇంతకు ముందు ఎవరైనా రెండుసార్లు రబ్బింగ్ చేసి ఉంటే ఆ సంగతి లోహానికి తప్ప ఎవరికీ తెలియదు. సన్నని పాలిష్‌తో చేసే ఒక విడత సాధారణంగా ఒక మైక్రాన్‌కు అటూ ఇటూ తీస్తుంది. ముతక కాంపౌండ్, ఊలు ప్యాడ్ కలిస్తే మూడు నాలుగు పోవచ్చు. కారు జీవితకాలం మొత్తం మీద ఏడెనిమిదికి మించి తీయకూడదన్నది ఈ పని తెలిసినవారిలో చాలామంది పాటించే హద్దు. ఏటా దీపావళికి రబ్బింగ్ చేయించే అలవాటును ఈ లెక్కలో పెట్టి చూస్తే ఎన్ని దీపావళులు వస్తాయో ఎవరికి వారే లెక్కేసుకోవచ్చు.

అందుకే మొదట రెండడుగుల చదరం. మెత్తని ఫోమ్ ప్యాడ్, అన్నిటికంటే సన్నని పాలిష్. దాంతో పని జరగకపోతేనే తర్వాతి మెట్టు. ప్యాడ్ మీద శనగగింజంత చుక్కలు నాలుగు వేసి, మెషీన్ ఆపి ఉంచే పెయింట్‌కు ఆనించి అద్దారు. గాల్లో ఉండగా స్విచ్ నొక్కితే పాలిష్ గోడల నిండా చిమ్ముతుంది. తొలి వేగంలో పరిచి, తర్వాత వేగం పెంచి, సెకనుకు అంగుళం రెండంగుళాల చొప్పున ముందు అడ్డంగా, తర్వాత నిలువుగా, ఒక వరుస మీద మరో వరుస సగం ఎక్కేలా నడిపారు. ప్యాడ్ వెనక పలక మీద మార్కర్‌తో గీసిన గీత తిరుగుతోందా లేదా అన్నది బావమరిది చూస్తున్నాడు. రెండుసార్లు తిరుగుడు ఆగిపోయింది. "నొక్కుతున్నారు బావా" అని అరిచాడు. భయంతో చెయ్యి తెలియకుండానే బిగుసుకుంటుంది. మెషీన్ బరువే దానికి చాలినంత ఒత్తిడి అని నమ్మడానికి మాస్టారికి పది నిమిషాలు పట్టింది.

తుడిచి చూస్తే టేపుకు ఇటు ఒక కారు, అటు ఒక కారు. లోపలి చదరంలో ట్యూబ్‌లైటు గీసినట్టు స్పష్టంగా కనబడుతోంది. బావమరిది ఈలేశాడు. మాస్టారు మాత్రం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి చల్లి మళ్లీ తుడిచారు. పాలిష్‌లోని నూనెలు గీతల్లో నిండి కాసేపు వాటిని దాచేస్తాయి. నాలుగు కడుగుళ్లలో నూనె పోయి గీతలు తిరిగొస్తాయి. 'అద్దంలా చేసిస్తాం' అనే చాలా దుకాణాల రహస్యం ఈ నూనెలోనే ఉంది. ఆల్కహాల్‌తో తుడిచాక కూడా చదరంలో మెరుపు నిలిచింది. గీతల్లో నూటికి డెబ్బై పోయి ఉంటాయి. రెండు లోతైనవి, బోరు నీళ్ల ఉప్పు తిన్న మచ్చ ఒకటి అలాగే ఉన్నాయి.

"ముతక ప్యాడ్ వేసి ఇంకోసారి తిప్పుదాం బావా, మొత్తం పోతాయి."

"పోతాయి. వాటితో పాటు ఇంకేం పోతుందో కూడా చూసుకోవాలి కదరా" అన్నారు మాస్టారు. సాయంత్రానికి బానెట్, టాపు, కుడి వైపు పూర్తయ్యాయి. తలుపు అంచులు, బాడీ మడతలు టేపు కిందే ఉండిపోయాయి. లోతైన గీతలు రెండూ ఉన్నచోటే ఉన్నాయి. చేతులు మాత్రం రాత్రి అన్నం కలుపుకునేటప్పుడు వణికాయి.

ఇదంతా అయ్యాక షోరూముల్లో అమ్మే అసలు సరుకు వస్తుంది. ఒకప్పుడు టెఫ్లాన్ కోటింగ్, గత పదేళ్లుగా సెరామిక్ కోటింగ్. రెండోదాంట్లో సత్తా లేదనలేం. నీరు నిలవకుండా జారుతుంది, మురికి త్వరగా పట్టదు. కానీ ప్రకటనల్లో కనిపించే '9హెచ్ కాఠిన్యం' వజ్రానికి పది మార్కులిచ్చే మోస్ కొలమానం కాదు. పెన్సిళ్లతో గీకి చూసే పరీక్షలోని మెట్టు. ఆ తేడా చెప్పే సేల్స్‌మన్ దొరికితే అదృష్టమే. పైగా కోటింగ్ వేసే ముందు కారును పాలిష్ చేస్తారు. కొత్త కారు కొన్న రోజే, ఎవరి చేయో తెలియని చెయ్యి, కంపెనీ ఇచ్చిన పొరలోంచి కొంత తీసేసి పైన మరో పొర అమ్ముతుంది. దాని గురించి బిల్లులో ఒక్క ముక్క ఉండదు.

ఇంతకీ ఆ గీతలు పెట్టిందెవరు? దేశంలోని ఏ నగరంలోని అపార్ట్‌మెంట్‌ను అడిగినా వేలు ఒకరి వైపే చూపిస్తుంది. తెల్లవారుజామున ఒక బకెట్, ఒక గుడ్డతో వచ్చి పదీ పదిహేను కార్లు తుడిచి వెళ్లే కుర్రాడి వైపు. మొదటి కారు మీది దుమ్ము పదో కారుకు అదే గుడ్డతో చేరుతుంది. ఇసుక రేణువు క్లియర్ కోట్ కంటే గట్టిది. దుమ్ము మీద పొడిగుడ్డ వేయడమంటే ఉప్పు కాగితం వేసినట్టే. అయితే నెలకు కారుకు కొన్ని వందలిచ్చే యజమానుల్లో రెండో బకెట్ గురించి మాట్లాడినవారు ఎందరు? నీళ్ల సంగతి మరో చిక్కు. బెంగళూరులో 2024 మార్చిలో నీటి ఎద్దడి ముదిరినప్పుడు తాగునీటితో వాహనాలు కడిగితే ఐదు వేల రూపాయల జరిమానా అని అక్కడి జలమండలి ప్రకటించింది. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం కష్టం. తడి లేని చోట గుడ్డ మరింత పొడిగా రుద్దుతుందన్నదీ నిజమే.

సోమవారం పొద్దున ఐదున్నరకు కుర్రాడు వచ్చేసరికి మాస్టారు కిందికి దిగి ఉన్నారు. చేతిలో కొత్త బకెట్, మెత్తని మైక్రోఫైబర్ గుడ్డలు నాలుగు. ఏ గుడ్డ దేనికో, మొదట నీళ్లు పోసి దుమ్ము ఎలా జార్చాలో, ఒకదాన్లో ముంచిన గుడ్డ రెండోదాన్లో ఎందుకు జాడించాలో చూపించారు. కుర్రాడు ఓపికగా విన్నాడు. బానెట్ మీద తన ముఖం చూసుకుని జుట్టు కూడా సర్దుకున్నాడు.

"సరే సార్, అట్నే చేస్త. రెండో బకెట్‌కు నీళ్లు ఏడ పట్టాలె?"

సెల్లార్‌లో కుళాయికి మార్చి నుంచి అసోసియేషన్ వాళ్లు తాళం వేసి ఉంచారు.