ఎవరు వెక్కిరిస్తున్నట్టు?

క్రిస్మస్ పాటల్ని వెటకారం చేస్తే మహాపాపమట. 1959లో హార్వర్డ్ శాండర్స్ థియేటర్‌లో టామ్ లెహ్రర్ అనే లెక్కల మనిషి పియానో వాయిస్తూ ఆ పాపమే చేశాడు. ఆయన వెక్కిరించింది యేసుని కాదండీ, పండగని సరుకుగా మార్చిన దుకాణాన్ని. 1953లో ఎర్తా కిట్ ఇంకా గడుసు. క్యాబరే గొంతుతో గారాలు పోతూ శాంటాని కారు, విలాస నౌక, ఏకంగా ప్లాటినం గని అడిగింది. అత్యాశ మీద జోకు అది! ఇప్పుడా ‘శాంటా బేబీ’ని షాపింగ్ మాల్స్ అమాయకంగా మోగిస్తున్నాయి, బిల్లింగ్ కౌంటర్ నెత్తి మీదే. నా ఒళ్లు మండేది ఇక్కడే. మా ఆఫీసు పార్టీలో లెహ్రర్ పాట పెడితే సెంటిమెంట్స్ దెబ్బతింటాయని ఆపించారు. దాని బదులు పెట్టింది? ‘శాంటా బేబీ’నే.