బడ్జెట్టు పుస్తకంలో మన వాడ ఎక్కడ?

మార్చి దగ్గరపడితే మన ఊళ్ళలో రెండు లెక్కల పుస్తకాలు బయటికొస్తాయి. ఒకటి షావుకారు ఖాతా పుస్తకం. రెండోది మున్సిపల్ ఆఫీసులో బడ్జెట్టు పుస్తకం. మొదటి పుస్తకంలో మన పేరు ఏనాడూ తప్పిపోదు. అసలింత, వడ్డీ ఇంత అని పైసాతో సహా రాసి ఉంటుంది. రెండో పుస్తకంలో మాత్రం మన వాడ పేరు కోసం వెతుక్కోవాలి. బాకీ పుస్తకంలో ఉన్నవాళ్ళం బడ్జెట్టు పుస్తకంలో ఎందుకు లేము? ఈ పక్షం మేము అడగదలుచుకున్న ప్రశ్న ఇదే.

బడ్జెట్టంటే చదువుకున్నవాళ్ళ వ్యవహారమనీ, మనకెందుకనీ మనలోనే చాలామంది అంటుంటారు. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. ఏప్రిల్ 1 నుంచి మళ్ళీ మార్చి 31 దాకా ఎంత వస్తుంది, ఎంత పోతుంది అని రాసుకునే ఇంటి లెక్కే అది. ఇంటిపన్ను, నీటిపన్ను, మార్కెట్ వేలం, లైసెన్సు ఫీజులు, పైనుంచి వచ్చే గ్రాంట్లు ఇవతల పక్క. జీతాలు, కరెంటు బిల్లులు, నీళ్ళు, చెత్త, రోడ్లు, కాలవలు అవతల పక్క. జీతాలూ కరెంటూ పోగా మిగిలేది కొంచెమే. ఆ కొంచెం మీదే అసలు పోట్లాట. దానికి వాళ్ళు పెట్టిన పేరు ‘ప్రాధాన్యతలు’. మన మాటలో చెప్పాలంటే ‘ముందు ఎవరి వీధి?’ అని. బజారు వీధి ముందా, మాదిగపల్లె ముందా? ఈ దేశంలో ఆ ప్రశ్నకు జవాబు బడ్జెట్టు కాయితం పుట్టకముందే కులం రాసిపెట్టింది. దాన్ని కొట్టేసి కొత్త జవాబు రాయించటమే మన పని.

ఇది ఎవరి దయా కాదు. మనమూ ఇంటిపన్ను కడుతున్నాం. సబ్బుబిళ్ళ కొన్నా, చెప్పుల జత కొన్నా పన్ను కడుతూనే ఉన్నాం. మన సొమ్ములో మన వాటా అడుగుతున్నాం.

ఆమధ్య మేము కొందరం ఒక పట్టణం బడ్జెట్టు కాయితాలు తెచ్చుకుని రాత్రిపూట వాడలో కూర్చుని చదివాం. ఆ పట్టణం పేరు ఇక్కడ అనవసరం, ఏ పట్టణమైనా ఒకటే. మేమంతా వేలిముద్రలు వేసిన తల్లిదండ్రుల బిడ్డలం. ఒక పెద్దాయన, ‘నాయనా, అందులో మన శ్మశానం దారి ఉందేమో చూడు’ అన్నాడు. పేజీలన్నీ తిరగేశాం. పార్కు ప్రహరీ ఉంది. స్వాగత ఆర్చి ఉంది. శ్మశానం దారి లేదు. ‘ఎన్నిసార్లు చెప్పలేదు సారూ! ఓట్లకొచ్చినప్పుడల్లా చెప్తానే ఉన్నాం గదా’ అన్నది పక్కనున్న ఒక తల్లి. నిజమే, చెప్పాం. నోటితో చెప్పాం. నోటిమాటకు ఆఫీసులో ఫైలు ఉండదు. కాయితం మీద పెట్టి, రశీదు తీసుకుని, వాడ పేరుతో అడిగింది ఒక్కసారీ లేదు. ఆ రాత్రి మాకు సిగ్గేసింది. వాళ్ళ తప్పు వాళ్ళదే. మన లోటు కూడా మనం ఒప్పుకోవాలి.

కాయితం మీదికి ఎక్కినంత మాత్రాన పని అయిపోతుందా? అదీ కాదు. ఆ పాఠం మనకు బాబాసాహెబ్ చెప్పిపోయాడు. 1923లో బొంబాయి శాసనమండలి, సర్కారు డబ్బుతో నడిచే చెరువులూ బావులూ అంటరానివాళ్ళకు తెరవాలని తీర్మానించింది. 1924లో మహద్ మున్సిపాలిటీ తన చౌదార్ చెరువు తెరుస్తున్నామని తీర్మానం చేసింది. తీర్మానం పుస్తకంలో ఉంది. మూడేళ్ళు గడిచినా మనవాళ్ళ దోసిట్లోకి ఒక్క చుక్క రాలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందిని నడిపించుకుపోయి ఆ నీళ్ళు తాగితేనే తీర్మానానికి ప్రాణం వచ్చింది. వెంటనే సవర్ణులు దాడి చేశారు. ఆగస్టులో మున్సిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. కోర్టులో చివరికి మనవాళ్ళు గెలిచింది 1937లో. అంటే తీర్మానం లేకపోతే అడిగే ఆధారం లేదు. జనం కదలకపోతే తీర్మానం ఉత్త సిరా. రెండూ కావాలి.

నీటి కాడ ఎంత నెత్తురు ఉంటుందో మనకు వేరే చెప్పాలా? 1985 జులైలో కారంచేడులో గొడవ మొదలైంది దళితుల మంచినీటి చెరువు దగ్గరే. తాగే నీళ్ళను పాడుచేయొద్దని మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తింది. మర్నాడు ఆరుగురిని చంపారు. ఊరికి మంచినీళ్ళ పథకం ఎటునుంచి వేయాలన్నది ఇంజనీరు ఒక్కడి లెక్క కాదని చెప్పటానికే ఇది గుర్తుచేస్తున్నాం.

ఇక చట్టం సంగతి. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఎస్సీ, ఎస్టీలకు జనాభాను బట్టి సీట్లు ఇచ్చింది, మూడోవంతు ఆడవాళ్ళకు ఇచ్చింది. పన్నెండో షెడ్యూలులో పద్ధెనిమిది పనులు రాసింది. మురికివాడల బాగు, మంచినీళ్ళు, పారిశుద్ధ్యం, శ్మశానాలు, బలహీనవర్గాల ప్రయోజనాల రక్షణ, అన్నీ అందులో ఉన్నాయి. కానీ వార్డు కమిటీలు తప్పనిసరి అన్నది మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న పట్టణాలకే. గిద్దలూరు లాంటి చిన్న పట్టణానికి ఆ హక్కు లేదు. పంచాయతీగా ఉన్నన్నాళ్ళు మనకు కనీసం గ్రామసభ అనే పేరైనా ఉండేది. నగర పంచాయతీ అయ్యాక అదీ పోయింది. పట్టణం హోదా పెరిగింది, మనిషి కూర్చుని అడిగే చోటు తగ్గింది. కొమరోలు, రాచర్ల, బేస్తవారిపేట, అర్ధవీడు పల్లెల్లో ఉన్న సోదరులకు గ్రామసభ చట్టప్రకారం ఇప్పటికీ ఉంది. దాన్ని పదిమంది సంతకాలతో ముగించనివ్వటం ఇకనైనా ఆపాలి.

ఇది జరగని పని అనుకోవద్దు. బ్రెజిల్ దేశంలో పోర్టో అలెగ్రె అనే నగరంలో 1989 నుంచి పేదపేటల జనం సభలు పెట్టుకుని, మా పేటకు ముందు ఫలానాది కావాలని ఓట్లు వేసి బడ్జెట్టులో రాయించారు. కేరళలో 1996లో జనప్రణాళిక పేరుతో ఊరూరా అదే పని మొదలుపెట్టారు. అమెరికాలో చాలా చిన్న పట్టణాల కౌన్సిళ్ళు ఏటా రెండు జాబితాలు రాసుకుంటాయి. ఈ ఏడు మేము చేసే పనులు ఇవి అని ఒకటి. పై ప్రభుత్వాన్ని, చట్టసభను మేము అడిగేవి ఇవి అని రెండోది. వాళ్ళ కౌన్సిలు రాసుకుంటున్న రెండు జాబితాలు మన వాడ ఎందుకు రాసుకోకూడదు?

మొదటి జాబితా మన పట్టణమే చేయగలిగింది. నలభై కోరికలు రాస్తే నలభైనీ పక్కన పెడతారు. నాలుగే రాయండి. నీళ్ళు: ఏ వాడలో ఎన్ని కుళాయిలు, ఎన్నిరోజులకొకసారి వస్తున్నాయి, ట్యాంకరు ఎక్కడ ఆగుతోంది. మురుగుకాలవ: ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయింది, ఎన్ని అడుగులు. శ్మశానం: స్థలం ఎంత, హద్దురాళ్ళు ఉన్నాయా, శవాన్ని మోసుకుపోయే దారి ఎవరి పొలంలో కలిసింది. నాలుగోది చీపురు పట్టినవాళ్ళ సంగతి. తెల్లారకముందే ఊరిని ఊడ్చేది మన అక్కచెల్లెళ్ళే. వాళ్ళ చేతికి తొడుగు, కాలికి బూటు, నెలనెలా జీతం, పీఎఫ్ లెక్క బడ్జెట్టులో రాసి ఉండాలి. రక్షణ సామగ్రి, జాగ్రత్తలు లేకుండా సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపటం 2013 చట్టం ప్రకారం నేరం. చనిపోయినవాళ్ళ కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. మనిషి పోయాక 30 లక్షలు వెతకటం కన్నా ముందే యంత్రం కొనమని అడుగుదాం. 2023 డిసెంబరు చివర రాష్ట్రమంతా మున్సిపల్ కార్మికులు చీపుళ్ళు కింద పెడితే పట్టణాలు ఎట్లా కంపుకొట్టాయో అందరూ చూశారు. ఆ చేతుల విలువ ఆ పదిహేను రోజుల్లో తెలిసింది. మళ్ళీ మరిచిపోయారు.

రెండో జాబితా పైకి పంపేది. ఎమ్మెల్యే, ఎంపీలు కౌన్సిల్లో ఎక్స్ అఫీషియో సభ్యులు. కాబట్టి వాళ్ళు కూర్చున్న సభలోనే తీర్మానం పెట్టించి అసెంబ్లీకి మోయించాలి. అందులో మొదటిది వెలిగొండ. 1970 దాకా కర్నూలు జిల్లాలో చివర, ఆ తర్వాత ప్రకాశం జిల్లాలో చివర పడి ఉన్న ప్రాంతం మనది. ఎవరి చివరికైనా నీళ్ళు రావటం కష్టమే. 1996లో వెలిగొండకు శంకుస్థాపన చేశారు. ఆనాడు పుట్టిన పిల్లలు పెరిగి పిల్లల్ని కన్నారు. 2024 మార్చిలో జంట సొరంగాలు అంకితం చేశారు. అప్పటికి పొలానికి నీరు పారలేదు, ముంపు ఊళ్ళకు పునరావాసం పూర్తి కాలేదు. నీళ్ళు వస్తే ముందు ఎవరి గొంతు తడుస్తుందో, ముంపులో పోయిన కూలీకి ఏమిచ్చారో కూడా ఆ తీర్మానంలో ఉండాలి.

రెండోది సబ్ ప్లాన్. జనాభా వాటా ప్రకారం నిధులు ఎస్సీ, ఎస్టీలకే ఖర్చుచేయాలని పోరాడి 2013లో చట్టం తెచ్చుకున్నాం. పదేళ్ళ గడువు తీరితే 2023లో మరో పదేళ్ళు పొడిగించారు. చట్టం ఉంది, డబ్బు మాత్రం దారి తప్పుతోంది. అందరికీ ఇచ్చే పథకంలో మన తలలు లెక్కపెట్టి, ఆ సొమ్మంతా సబ్ ప్లాన్ ఖర్చని చూపితే ఇక వాడలో కాలవ దేనితో కట్టాలి? దళితుడికి అందరితో పాటు వచ్చేది అందరి ఖాతాలో రాయండి. వాడకు రావాల్సింది వాడలో కనబడాలి. ఈ మాట చట్టంలోనే గట్టిగా రాయమని అడుగుదాం.

జాబితా ఇచ్చి ఇంటికొచ్చి పడుకుంటే మహద్ తీర్మానం గతే. కాయితానికి అయిదు మెట్లు ఉన్నాయి: తీర్మానం, అంచనా, టెండరు, పని, బిల్లు. ప్రతి మెట్టు మీదా మనవాడు ఒకడు నిలబడి చూడాలి. తీర్మానం నకలు, అంచనా నకలు, పని కొలిచి రాసిన ఎం-బుక్కు నకలు 2005 సమాచార హక్కు చట్టం కింద అడగండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. దారిద్య్రరేఖ కింద ఉన్నవాళ్ళు ఫీజు కట్టనక్కర్లేదు. ఎం-బుక్కులో వంద మీటర్ల కాలవ రాసి, వాడలో అరవై ఉంటే టేపు పట్టుకుని కొలిచి చూపించండి. పదో తరగతి చదివిన మన పిల్లలకు ఆ లెక్క వచ్చు.

మనలో మనం మాట్లాడుకోవాల్సింది కూడా ఉంది. రిజర్వుడు సీటులో మన చెల్లెలు గెలిస్తే కుర్చీలో ఆమె భర్తో, వెనక నిలబడ్డ దొరో మాట్లాడుతున్నాడు. ఆమెకు ఎజెండా కాయితం ముందురోజు చదివి చెప్పే బాధ్యత మన సంఘానిది. ఇక మాలపల్లె ముందా, మాదిగపల్లె ముందా అని మనం కొట్టుకుంటుంటే డబ్బు బజారు వీధికే పోతుంది. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా పుట్టింది. వర్గీకరణ చేసుకోవచ్చని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. దాని మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకు ఉండొచ్చు. ఏ వాడకు ఎక్కువ లోటు ఉంటే ఆ వాడను ముందు రాద్దాం. న్యాయం మన జాబితా నుంచే మొదలుకావాలి.

పాలకవర్గం లేదనే సాకు కూడా వద్దు. రాష్ట్రంలో మున్సిపల్ ఎన్నికలు 2014 తర్వాత మళ్ళీ 2021 మార్చిలోనే జరిగాయి. మధ్యలో ప్రత్యేకాధికారులు ఏలారు. ఎవరు ఏలినా బడ్జెట్టు ఆగలేదు. కౌన్సిలు ఉంటే కౌన్సిలుకు ఇద్దాం, అధికారి ఉంటే అధికారికి ఇద్దాం. రశీదు మాత్రం తప్పనిసరి. ఎన్నికలొస్తే ఓటడగటానికి వచ్చినవాడికి దండకు బదులు ఈ జాబితా చేతిలో పెడదాం.

మన పిల్లలు మార్కాపురం పలకల మీదే అక్షరాలు దిద్దారు. ఆ గనుల్లో రాయి పగలగొట్టిన చేతులు చాలావరకు మన పల్లెలవే. పలక చేసినవాళ్ళం, దిద్దుకున్నవాళ్ళం, ఇప్పుడు రాయటానికి వెనకాడతామా? ఈ ఆదివారం ప్రతి వాడలో అంబేద్కర్ బొమ్మ దగ్గర కూర్చోండి. ఆడవాళ్ళను ముందు మాట్లాడనివ్వండి, నీళ్ళు మోసేది వాళ్ళే. నాలుగు పనులు రాయండి. సంతకం వచ్చినవాళ్ళు సంతకం, రానివాళ్ళు వేలిముద్ర. ఇన్నాళ్ళు షావుకారు కాయితం మీద పడిన ఆ వేలిముద్ర ఈసారి మన హక్కు కాయితం మీద పడాలి.

జై భీమ్!