చెరువు ఈత, అమెరికా చదువు



వంశధార, నాగావళి ఒడ్డున పెరిగే బిడ్డలకు ఈత ఎవరూ పనిగట్టుకుని నేర్పరు. కళింగపట్నంలో, భావనపాడులో, పూసపాటిరేగ దగ్గరి చింతపల్లిలో నడక వచ్చిన కొన్నాళ్లకే పిల్లలు నీటిలో దిగుతారు. ఈత బాగా వస్తే అమెరికా కాలేజీలు ఫీజు లేకుండా చదివిస్తాయట అన్న మాట చెవిన పడితే ఏ తండ్రికి ఆశ పుట్టదు? ఆ మాట అబద్ధం కాదు, పూర్తి నిజమూ కాదు. అప్పు చేయకముందే ఆ తేడా తెలుసుకోవడం మంచిది.

మొదట నిజం సంగతి. దక్షిణ అమెరికాలో సురినామ్ అనే చిన్న దేశముంది. జనాభాలో మన శ్రీకాకుళం జిల్లాకు ఏమాత్రమూ సాటిరాదు. అక్కడ పెరిగిన ఆంథొనీ నెస్టీ 1988 సియోల్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల బటర్‌ఫ్లై ఈతలో అమెరికా వీరుడు మాట్ బియోండీని సెకనులో నూరోవంతు తేడాతో ఓడించి బంగారు పతకం తీసుకున్నాడు. తరువాత ఫ్లోరిడా విశ్వవిద్యాలయ జట్టులో ఈదాడు. ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయంలోనే ప్రధాన కోచ్. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికా పురుషుల ఈత జట్టుకు కూడా అతడే ప్రధాన కోచ్! జింబాబ్వే అమ్మాయి కిర్‌స్టీ కవెంట్రీ ఆబర్న్ విశ్వవిద్యాలయ జట్టులో ఈదుతూ చదువుకుంది. ఒలింపిక్ పతకాలు ఏడు గెలిచి, 2025లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీకి మొదటి మహిళా అధ్యక్షురాలైంది. ఆడపిల్లకు ఈత ఎందుకని అనేవారు ఈ వాక్యం మరోసారి చదవాలి.

మనకు దగ్గరి ఉదాహరణ ఈతలో కాదు, టెన్నిస్‌లో ఉంది. విశాఖలో ఆట నేర్చిన సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయ జట్టులో ఆడాడు. 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం గెలిచాడు.

ఇక రెండో సంగతి. ఆ కాలేజీల కోచ్‌లు నదిని ఎవరు దాటారని అడగరు. కొలిచి కట్టిన కొలనులో, గుర్తింపు ఉన్న పోటీలో, వంద మీటర్లు ఎన్ని సెకన్లలో ఈదావని అడుగుతారు. మన పిల్లలకు ధైర్యం ఉంది, దమ్ము ఉంది. కాగితం మీద రాసిన ఆ సెకన్లే లేవు. గడియారం పట్టుకుని గట్టున నిలబడే మనిషి లేకపోవడమే అసలు పేదరికం. కనీసం విశాఖ దాకా తీసుకెళ్లి, కోచ్ ఎదుట ఈదించి, జిల్లా, రాష్ట్ర పోటీల్లో పేరు ఇప్పించనిదే ఈ దారి మొదలే కాదు.

స్కాలర్‌షిప్ అనగానే అంతా ఉచితమనుకోవద్దు. 2025 వరకు పెద్ద కాలేజీల్లో మగపిల్లల ఈత జట్టు మొత్తానికి 9.9 స్కాలర్‌షిప్‌లే, ఆడపిల్లల జట్టుకు 14. వాటినే జట్టులోని వారందరికీ పంచేవారు. పావు వాటా దక్కినవాడు మిగిలిన ముప్పావూ ఇంటినుంచి తెచ్చుకోవాలి. 2025లో కోర్టు ఒప్పందంతో, దానికి ఒప్పుకున్న కాలేజీల్లో ఈ లెక్క పోయి, జట్టులో ఎందరుండాలన్న హద్దు వచ్చింది. మూడో శ్రేణి కాలేజీలయితే ఆటకంటూ స్కాలర్‌షిప్ ఇవ్వవు. విద్యార్థి వీసా మీద వెళ్లినవాడు బయట ఇష్టం వచ్చినట్టు పనిచేసి లోటు పూడ్చుకోవడానికీ వీల్లేదు.

ఇంకొక చిత్రం చూడండి. మన ప్రాంతానికి పేరు తెచ్చింది బరువులెత్తే ఆట. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో కాంస్యం తెచ్చింది. విజయనగరం జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో వెండి పతకం పొందింది. అయితే అమెరికా కాలేజీ క్రీడల పెద్ద సంఘం నడిపే ఆటల పట్టికలో బరువులెత్తడమే లేదు! ఆ ఊరి పిల్లలకు సైన్యంలో, రైల్వేలో క్రీడాకారుల కోటా ఉద్యోగమే దగ్గరి దారి. అది చిన్న దారి కాదు.

దళారుల సంగతి కూడా చెప్పాలి. కాలేజీ కోచ్‌కు పిల్లవాడే నేరుగా ఉత్తరం రాయవచ్చు, దానికి రుసుము లేదు. స్కాలర్‌షిప్‌లో ఇంత వాటా మాకివ్వాలని ఎవరైనా అడిగితే అక్కడే లేచి వచ్చేయండి. అలాంటి ఒప్పందం ఆ సంఘం నియమాలకు విరుద్ధం. దానివల్ల ఆడే అర్హతే పోవచ్చు. పొలం అమ్మిన డబ్బూ పోతుంది, బిడ్డ ఆటా పోతుంది.

మార్కుల విషయం ఒకటి మిగిలింది. మనవాళ్లు పదో తరగతి, ఇంటరు మార్కుల జాబితాలే భద్రంగా దాస్తారు. వాళ్లు తొమ్మిదో తరగతి నుంచి లెక్క చూస్తారు. కాబట్టి ఈత కొట్టే బిడ్డ ఉన్న ఇంట్లో తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ రిపోర్టును కూడా హెడ్‌మాస్టరుగారి సంతకం, స్కూలు ముద్రతో ట్రంకుపెట్టెలో ఉంచండి.